మీకు తెలుసా? తంగేడు తాళం తుమ్మెద దగ్గరుంది!

దేవరగట్టు అనగానే ఏం గుర్తొస్తుంది? దసరా రాత్రి కర్రల సమరమే కదా! ఈసారి పగటిపూట వెళ్లండి. తంగేడు పొద పక్కన కాసేపు ఊరికే నిలబడండి. జుయ్‌మని మోత! ఆ మోతలోనే ఉంది గుట్టంతా.

తంగేడు పువ్వులో తేనె చుక్కైనా ఉండదు! ఉన్నది పుప్పొడే. అదీ తాళం వేసి ఉంటుంది! పువ్వుకు 10 కేసరాలు. పైన ఉన్న మూడూ ఉత్తుత్తివే! మిగతావాటి కొసన సూదిబెజ్జమంత రంధ్రం. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుంటుంది. రెక్కలు ఆడించదు, ఒళ్లు మాత్రం గడగడ వణికిస్తుంది. అంతే, పుప్పొడి జలజలా రాలుతుంది! తేనెటీగకు ఈ విద్య రాదు. అన్నట్టు, మగ తుమ్మెదకు కొండే ఉండదు. ఆడదానికి ఉంటుంది మరి, చెయ్యి పెట్టకండి!

పత్తికొండ టమాటాకూ ఇదే కిటుకు! పువ్వు కుదిపితేనే కాయ బాగా కడుతుంది. యూరప్ గాజు ఇళ్లలో ఒకప్పుడు కూలీలు కరెంటుతో వణికే కర్రలు పట్టుకుని పువ్వు పువ్వునూ కుదిపేవారు. 1987లో బెల్జియంలో బొచ్చు తుమ్మెదలను పెంచి అమ్మడం మొదలైంది. కర్రలు మూలకు చేరాయి!

ఇక జిల్లేడు! దీని పుప్పొడి పొడిగా రాలదు. చిన్న చిన్న సంచుల్లో కట్టి ఉంటుంది. కాడికి కట్టిన ఎడ్ల లాగా రెండేసి సంచులు ఒక కొక్కేనికి వేలాడతాయి. పువ్వుకు 5 జతలు! తుమ్మెద కాలికో మూతికో కొక్కెం తగులుకుందా, జత మొత్తం ఊడొస్తుంది. తనకు తెలియకుండానే బండెడు సరుకు మోసుకెళ్తుంది పాపం!

ఆదోని పత్తి పువ్వును గమనించారా? పొద్దున మీగడ రంగు. 24 గంటలు తిరిగేసరికి గులాబీ!

దసరా తోరణాల బంతి మనదే అనుకుంటున్నారా? కాదు, మెక్సికోది! 1492కు ముందు మన గుమ్మాలకు బంతి తోరణమే లేదు!

ఆఖరిది, చెవి ఇటు పెట్టండి. మన దేశంలో రాత్రి తిరిగే తుమ్మెద ఒకటుంది! మహారాష్ట్ర భీమశంకర్ అడవిలో దాన్ని పరిశీలించారు. తుమ్మెదలు, తేనెటీగలు అన్నిట్లోకీ చందమామ లేని రాత్రి కూడా ఎగిరేది ఇదొక్కటేనని 2008లో పరిశోధకులు చెప్పారు. దేవరగట్టు రాత్రికి మనకు కాగడాలు కావాలి. దీనికి అవీ అక్కర్లేదు!