సొంత బండిపై సంఘము పని : కిలోమీటరు భత్యము న్యాయముగా లెక్కించు విధము

సేద్యగాండ్రకు అరక బాడుగ సంగతి తెలియనిది కాదు. ఒకరి ఎడ్లను మరొకరి పొలమునకు తోలినప్పుడు, ఆ పూట అవి మేసిన గడ్డి ఖరీదు మాత్రమే పుచ్చుకొమ్మన్నచో ఏ రైతూ ఒప్పుకొనడు. ఎడ్లను కొన్న సొమ్ము, ఏటేటా తగ్గిపోవు వాని సత్తువ, నాడాలు, మందు మాకు, అరక అరుగుదల కూడా బాడుగలో చేరవలెను. ట్రాక్టరు యజమాని డీజిలు ఖర్చు మాత్రమే వసూలు చేసినచో నాలుగేండ్లకు అతని వద్ద ట్రాక్టరు ఉండదు, క్రొత్తది కొనుటకు డబ్బూ ఉండదు.

సొంత మోటారు సైకిలుపై ప్రభుత్వపు పనికో, సహకార సంఘపు పనికో ఊరూరా తిరుగు ఉద్యోగి సంగతియు ఇంతే. అతనికి పెట్రోలు డబ్బు ఇచ్చి, భత్యము ఇచ్చితిమనుకొనుట చాలచోట్ల కనబడు పొరపాటు.

రైతుకు దీనితో ఏమి పని?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల పద్ధతి ఆరంభమైనది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రములు ప్రారంభమైనవి; 2024లో వీనికి రైతు సేవా కేంద్రములని పేరు మార్చినారు. ఈ కేంద్రములలోని గ్రామ వ్యవసాయ సహాయకుడు ఈ-పంట నమోదునకు పొలమునకు వెళ్లి, గట్టుమీద నిలిచి ఫోటో తీయవలెను. ధాన్యము కొనుగోలు, పంట నష్టపు సహాయము వంటివి ఆ నమోదుపై ఆధారపడియున్నవి. తెగులు సోకినదని రైతు కబురు పంపినను, తుపానుకు చేను పడిపోయినను, చూడవలసినవాడు అక్కడికి చేరవలెను.

కృష్ణా డెల్టా దిగువ భాగములో చేరుట అంత తేలిక కాదు. గుడివాడ వైపు పంట కాలువలు, మురుగు కాలువలు అడుగడుగున అడ్డు వచ్చును. కాలువకు ఆవలనున్న చేను కంటికి కనబడుచుండును గాని, వంతెన ఏ మూడు కిలోమీటర్ల దూరముననో ఉండును. మచిలీపట్నమునకు ఈశాన్యమున బంటుమిల్లి, కృత్తివెన్ను వైపును, పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలిన తరువాత దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపును కాలువ చివరి గ్రామములు కలవు. నీరు ఆలస్యముగా చేరునది, ఉప్పు పైకి తేలునది, తుపాను ముందుగా తాకునది ఈ గ్రామములకే. అనగా సలహా ఎక్కువగా కావలసిన పొలము దూరపు పొలమే. అక్కడికి పోయిన ప్రతిసారి ఉద్యోగి జేబునుండి డబ్బు పోవుచున్నచో, అతడు ఎంత మంచివాడైనను నెలకు నాలుగుసార్లు పోవలసినచోట రెండుసార్లు పోవును. ఆ నష్టము చివరికి కాలువ చివరి రైతుదే.

ఒక కిలోమీటరుకు ఎంత పడును?

ఒక లెక్క వేసి చూతము. ఇందులోని అంకెలు ఉదాహరణకు తీసికొన్నవి. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవచ్చును. బండి ఖరీదు 90,000 రూపాయలనుకొందము. ఏటా 12,000 కిలోమీటర్ల చొప్పున 6 ఏండ్లు నడిపి 24,000 రూపాయలకు అమ్మినారనుకొందము. మొత్తము నడక 72,000 కిలోమీటర్లు.

పెట్రోలు : లీటరు 110 రూపాయలు, కాలువ గట్ల దారిలో లీటరుకు 45 కిలోమీటర్లు – 2.44 రూపాయలు
తరుగుదల : 66,000 రూపాయలు 72,000 కిలోమీటర్లకు – 0.92
పెట్టిన సొమ్ముపై వడ్డీ : సగటు విలువ 57,000 రూపాయలపై నూటికి 9 వంతున – 0.43
నూనె మార్పు, సర్వీసు : ఏటా 3,600 రూపాయలు – 0.30
చిల్లర మరమ్మతులు : ఏటా 3,600 రూపాయలు – 0.30
టైర్లు, గొలుసు, బ్రేకులు : 24,000 కిలోమీటర్లకు 6,000 రూపాయలు – 0.25
బీమా, కాలుష్య ధ్రువపత్రము : ఏటా 2,400 రూపాయలు – 0.20

మొత్తము కిలోమీటరుకు 4.84 రూపాయలు.

ఇందులో పెట్రోలు సుమారు సగము మాత్రమే. తక్కిన సగము కంటికి కనబడదు. అది ఆనాడు జేబునుండి పోదు. టైరు అరిగిననాడు, బండి మార్చవలసిననాడు ఒక్కసారిగా మీద పడును. సముద్రతీరపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పట్టును. వానకాలములో నల్లరేగడి మట్టి చక్రమునకు చుట్టుకొని పెట్రోలు ఎక్కువ త్రాగించును. కాబట్టి తారురోడ్డుమీది లెక్కను లంక గ్రామములకు అట్లే వర్తింపజేయరాదు.

నెలకు ఇంత అను పద్ధతిలోని లోపము

రోజుకు 30 కిలోమీటర్ల వంతున నెలకు 25 దినములు తిరిగిన 750 కిలోమీటర్లగును. పై లెక్క ప్రకారము 3,630 రూపాయలు రావలెను. పెట్రోలు మాత్రమే ఇచ్చినచో 1,830 రూపాయలు వచ్చును. తక్కిన 1,800 రూపాయలు ఉద్యోగి తన జీతమునుండి సంస్థకు ఇచ్చినట్లే.

కొన్ని సంస్థలు నెలకు ఇంత అని ఒకే మొత్తము నిర్ణయించును. లెక్క సులభమే, కాని ఎక్కువ తిరిగినవాడు నష్టపడును, కుర్చీ కదలనివాడు లాభపడును. తిరుగుటకని ఇచ్చిన భత్యము తిరుగకుండుటకు బహుమానమగును. ఒకే మొత్తము ఇవ్వదలచినచో పరిధిలోని గ్రామముల దూరమును బట్టి మొత్తమును మార్చవలెను.

ఇతర చోట్ల ఎట్లున్నది?

కేంద్ర ప్రభుత్వము 2017 జూలై 13 నాటి ఉత్తర్వులో, వేరే స్థానిక రేటు లేనిచోట్ల, సొంత కారుకు లేక టాక్సీకి కిలోమీటరుకు 24 రూపాయలు, సొంత స్కూటరుకు లేక ఆటోకు 12 రూపాయలు నిర్ణయించినది. ఆటోతో కలిపి నిర్ణయించినందున ఈ రేటు మన లెక్కకంటె ఎక్కువగా కనబడుచున్నది. కరువు భత్యము నూటికి 50 వంతులు పెరిగినప్పుడెల్ల ఈ రేటు నూటికి 25 వంతులు పెరుగవలెనని కూడ అందులో చెప్పబడినది. ఇది మంచి పద్ధతి.

అమెరికాలో 2025వ సంవత్సరమునకు పని నిమిత్తము కారు నడిపినవారికి మైలుకు 70 సెంట్లు, వైద్య ప్రయాణమునకు 21 సెంట్లు లెక్క కట్టినారు. మొదటి దానిలో తరుగుదల, బీమా కూడ చేరియున్నవి. రెండవది నడుపు ఖర్చు మాత్రమే. బ్రిటనులో 2011లో కారుకు మైలుకు 45 పెన్సులు, మోటారు సైకిలుకు 24 పెన్సులుగానున్న రేట్లు 2024-25లోను అవియే. ధరలు పెరుగగా రేటు కదలనిచో, ఒకనాటి న్యాయమైన రేటు మెల్లగా అన్యాయమగును.

సంఘములు చేయదగిన పనులు

ప్రభుత్వోద్యోగుల రేటును ప్రభుత్వమే నిర్ణయించును. కాని సహకార సంఘము, పాల సంఘము, రైతు ఉత్పత్తిదారుల సంస్థ తమ సిబ్బందికి ఇచ్చు రేటును పాలకవర్గము తీర్మానించుకొనవచ్చును. అప్పుడు ఈ సంగతులు గమనింపవలెను.

1. కార్యాలయమునుండి ప్రతి గ్రామమునకు బండి పోగల దారిలో దూరము కొలిచి పట్టిక గోడకు అంటింపవలెను. దానితో తగాదాలు చాలవరకు తప్పును.

2. ఇంటినుండి కార్యాలయమునకు వచ్చుట పని ప్రయాణము కాదు. కార్యాలయమునుండి పొలమునకు, మండల కేంద్రమునకు పోయి వచ్చుట మాత్రమే లెక్కకు వచ్చును.

3. తేదీ, గ్రామము, పని, బయలుదేరినప్పటి మీటరు అంకె, తిరిగివచ్చినప్పటి అంకె ఒక పుస్తకములో ఆనాడే వ్రాయవలెను. నెలాఖరున జ్ఞాపకము మీద వ్రాసిన లెక్కను అంగీకరింపరాదు. సంఘము సొమ్ము రైతుల సొమ్ము; పోని ఊరికి పోయినట్లు వ్రాయుట వారిని మోసగించుటే.

4. ఎదురుమొండి వంటి దీవి గ్రామములకు ఏరు దాటవలసివచ్చినప్పుడు రేవుకూలిని కిలోమీటరు రేటులో కలుపక విడిగా చెల్లింపవలెను.

5. బండి బీమా పత్రమును ఏటా చూడవలెను. మూడవ పక్షపు బీమా 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము తప్పనిసరి. సొంత వాడుక పాలసీ బాడుగకు నడుపుటకు గాని, సరుకు మోయుటకు గాని సాధారణముగా వర్తింపదు. కాబట్టి అట్టి బండిపై ఎరువు బస్తాలు పంపరాదు.

6. ఏటా ఏప్రిలులో పెట్రోలు ధర, టైర్ల ధర చూచి రేటును సవరింపవలెను. బిల్లును మరుసటి నెల పదవ తేదీలోపల చెల్లింపవలెను. ఆరు నెలలు ఆగి ఇచ్చిన భత్యము అప్పుతో సమానము. ఆ అప్పుకు వడ్డీ కట్టునది ఉద్యోగి.

గ్రామాధికారులు, సంఘ సభ్యులు తమ ఊరి ధరలతో పై లెక్కను ఒకసారి వేసి, రాబోవు సమావేశములో చర్చకు పెట్టుట మంచిది. దారి ఖర్చు న్యాయముగా ముట్టిననాడు, కాలువ చివరి చేనికి ఎందుకు రాలేదని అడుగు హక్కు రైతుకు పూర్తిగా కలుగును.