మీకు తెలుసా? చెన్నూరు అఫిడవిట్‌లో 600 కోట్లు

2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లోని చెన్నూరు నుంచి గెలిచిన గడ్డం వివేక్ వెంకటస్వామి, కుటుంబంతో కలిపి 600 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులు చూపించారు. తెలంగాణలో పోటీ చేసినవారందరిలోకీ ఆయనే ధనవంతుడు. చెన్నూరు ఎస్సీ రిజర్వుడు స్థానం. అభ్యర్థి ఖర్చుకు పరిమితేమో 40 లక్షలు! డబ్బుండటం నేరమా అంటారు. కాదు, ఆయనది రాజకీయాల్లోకి రాకముందు నుంచీ ఉన్న వ్యాపారం. సొంత ఆస్తుల గొడవ జనానికెందుకంటారా, ఓటరుకు తెలుసుకునే హక్కుందని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అందుకే అభ్యర్థులు ఇచ్చే అఫిడవిట్‌లో, అంటే ఫారం 26లో, నగదు, బంగారం, భూములు, అప్పులు, భార్య లేదా భర్త పేరిట ఉన్నవీ రాయాలి. 2018 తీర్పుతో ఆదాయ మార్గాలూ చేరాయి. నిజానికి మొత్తం అంకె చెప్పేది తక్కువే. పాత అఫిడవిట్‌ను పక్కన పెట్టుకుని, పెరిగింది భూమి ధరా, కొత్తగా కొన్న భూమా అని చూస్తేనే ఏదైనా తెలిసేది.