జింకను కాపాడాలా? అడవిని కాపాడాలా?

ఎర్రటి పాత 20 రూపాయల నోటు దొరికితే వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, సముద్రం కనిపిస్తాయి. దక్షిణ అండమాన్‌లోని మౌంట్ హారియట్ ప్రాంతపు దృశ్యమది. 2021లో ఈ కొండ పేరు మౌంట్ మణిపూర్‌గా మారింది. కొండ దిగువన ఉన్న ఊరే హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో హతుడైంది ఇక్కడే. చరిత్ర పుస్తకాలు ఈ ఊరిని అంతటితో వదిలేస్తాయి. మనం కొండమీది అడవిలోకి వెళదాం.

ఇది జాతీయ పార్కు. అటవీ శాఖ అడవిని రేంజిలుగా, వాటిని బీట్లుగా విభజిస్తుంది. ఉచ్చులు పన్నారేమో, చెట్లు నరికారేమో బీటులో తిరిగి చూడడం ఫారెస్టు గార్డు పని. ఇక్కడి పడౌక్ చెట్టు మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెండూ ప్టెరోకార్పస్ ప్రజాతివే. అలాంటి కలపకు దొంగల బెడద ఎలా ఉంటుందో తెలుగువారికి వేరే చెప్పాలా?

అయితే గొడ్డలి పట్టని శత్రువు ఒకటుంది. అది చుక్కల జింక!

జింక అడవికి శత్రువేమిటి అంటారా? నల్లమలలో కాదు. అక్కడ పులి, చిరుత, రేచుకుక్క దాని సంఖ్యను అదుపులో ఉంచుతాయి. అండమాన్ దీవుల్లో పెద్ద మాంసాహార మృగాలే లేవు. జింకలూ లేవు. బ్రిటిష్‌వారు వేట కోసం వీటిని తెచ్చి వదిలారు. అడ్డులేక పెరిగాయి. జింకలు ఈదగలవు కదా, దీవి నుంచి దీవికి పాకాయి.

ఇవి పెద్ద చెట్లను ఏమీ చేయవు. అప్పుడే మొలిచిన మొక్కలను మేసేస్తాయి. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. కాని ముసలి చెట్టు కూలిన చోట దాని వారసుడు ఉండడు. పిల్లలు లేని ఊరిని ఊహించుకోండి! ఇంటర్వ్యూ దీవిలో పరిస్థితి ఇంకా విషమం. కలప వ్యాపారులు వదిలివెళ్ళిన ఏనుగులు అక్కడ అడవి ఏనుగులయ్యాయి. అవి పెద్ద చెట్లను దెబ్బతీస్తే, లేత మొక్కల పని జింకలు పడతాయి. దీవుల్లోకి తెచ్చిన శాకాహారుల వల్ల వృక్షజాలానికి కలుగుతున్న నష్టాన్ని జీవశాస్త్రవేత్త రవూఫ్ అలీ 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వివరించారు.

మరి పట్టుకుపోతే సరి అనిపిస్తుంది. అంత తేలిక కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చుక్కల జింకను దేశమంతటా కాపాడుతుంది. దాన్ని వేటాడినవారిపై గార్డు కేసు పెట్టాల్సిందే. 2022లో చట్టాన్ని సవరించి ‘దురాక్రమణ జాతుల’ను చేర్చారు. కాని భారతదేశానికి చెందని జాతులే ఆ నిర్వచనంలోకి వస్తాయి. జింక మన దేశపుదే! ప్రధాన భూభాగానికీ దీవికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం ఉన్న సంగతి చట్టానికి పట్టలేదు. హోప్ టౌన్ పైనున్న అడవిలో గార్డు అటు మొలకకూ, ఇటు దాన్ని మేసే జింకకూ కాపలాదారే.