మీకు తెలుసా? తులసివనంలో గంజాయి మొక్క

● ఇంట్లో ఒక్కడు దారి తప్పితే ‘తులసివనంలో గంజాయి మొక్క’ అనేస్తాం. సామెత నింద మొక్క మీదే వేస్తుంది. నలిగేది మాత్రం వనమంతా.

● ఖమ్మం వైపు పట్టుబడే గంజాయి ఎక్కువగా ఆంధ్రా–ఒడిశా సరిహద్దు అడవుల నుంచి వచ్చేదే. సీలేరు, మల్కన్‌గిరి వైపు పండిన సరుకు చింతూరు, భద్రాచలం దాటి ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు పోతుంటుంది. ఖమ్మం జిల్లాలోనే వరంగల్ రోడ్డు వైపున్న తిరుమలాయపాలెం ఆ బాటకు మరీ దూరమేమీ కాదు.

● గంజాయి ప్రతిసారీ పొగ రూపంలోనే రాదు. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో పోలీసులకు దొరికింది చాక్లెట్ల రూపంలో. పొగ లేదు, అగ్గిపెట్టె అక్కర్లేదు. అమ్మ జేబు తడిమినా దొరికేది చాక్లెట్ కాగితమే.

● ఒక మత్తులో పిల్లలు పెద్దల్నే మించిపోయారు! 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం పీల్చే మత్తు పదార్థాలు వాడేవారు పెద్దల్లో 0.58 శాతమైతే, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి కొనడానికి చీకటి సందులు వెతకక్కర్లేదు మరి.

● ‘వద్దు’ అని ఆపే మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. 2005లో అమెరికాలో పరిశోధకులు టీనేజీ పిల్లలతో కంప్యూటర్‌పై కారు ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు పక్కనుంటే వాళ్లు చాలా ఎక్కువ తెగించారు. ‘ఒక్కసారి చూడరా’ అన్న మాటకున్న బలం అది.

● పిల్లాడి వ్యసనం సంగతి ముందు తెలిసేది స్నేహితులకు, ఆఖర్న తెలిసేది అమ్మానాన్నలకు. పత్తి అమ్మిన డబ్బులో లెక్క తగ్గితే మొదట ఇంట్లోవాళ్లే ఒకరినొకరు అనుమానించుకుంటారు. తెలిశాక గుట్టు మొదలవుతుంది: ‘బయటపడితే అమ్మాయికి సంబంధాలు రావు.’ అలా అన్నయ్య వ్యసనానికి చెల్లెలు కూడా కాపలా కాయాల్సి వస్తుంది.

● పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

● బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారేమోనని చాలామంది భయం. 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలోని 64ఏ సెక్షన్ వేరే మాట చెబుతుంది: వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స పూర్తి చేయాలి, అంతే.

● వ్యసనం మాన్పించే సలహాకు 14446, అమ్మేవాళ్ల సమాచారం చెప్పడానికి తెలంగాణలో 1908. రెండూ టోల్‌ఫ్రీ నంబర్లే.

● అన్నట్టు, ఆ సామెతలో మొక్కను పీకెయ్యమని ఎక్కడా లేదు.