ధమనిలోని చిన్న రంధ్రము

గుండె రక్తనాళములను పరీక్షించుటకు రొమ్ము కోయనక్కరలేదు. స్వీడను దేశపు వైద్యుడు సెల్డింగర్ 1953లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, గజ్జలోని ధమనిని సూదితో పొడిచి, సూదిగుండా తీగను, తీగవెంట సన్నని గొట్టమును లోనికి పంపుదురు. 1977లో జ్యూరిక్ నగరమున గ్రుంట్జిగ్ అను వైద్యుడు గొట్టము చివర బుడగను పంపి, ఇరుకైన గుండె ధమనిని వెడల్పు చేసెను.

పని ముగిసి గొట్టము తీసిన పిమ్మట రంధ్రము మిగులును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల ధమనిలో రక్తము ఒత్తిడితో ఎగయును. కనుకనే రంధ్రముపై గట్టిగా అదిమిపట్టి, కొన్ని గంటలు కాలు మడవక పడుకొనుమందురు. బంధువులు జాలిపడి రోగిని ముందుగా లేవదీయుట కలదు. ఆ జాలి చేటు తెచ్చును.

చర్మము కమిలిన నీలిమచ్చ సాధారణముగా తానే మాసిపోవును. కాని రంధ్రము మూసుకొననిచో, వెలువడు రక్తము చుట్టునున్న కండలో సంచివలె నిలిచి, నాడితోపాటు అదరును. ఈ సంచికి ధమని గోడ యుండదు; అందుచే దీనిని మిథ్యా ఎన్యూరిజమ్ అందురు. చిన్నదైనచో కనిపెట్టి చూచుట చాలును. పెద్దదైనచో అల్ట్రాసౌండు తెరపై చూచుచు, సన్నని సూదితో థ్రాంబిన్ అను ద్రవ్యమును సంచిలోని కెక్కింతురు. తరచుగా క్షణములలోనే లోని రక్తము గడ్డకట్టును. సంచి పగిలినను, చీము పట్టినను శస్త్రచికిత్స వలయును.

కొన్నిమారులు రక్తము పైకి కానరాక పొత్తికడుపు వెనుక చేరును. నడుమునొప్పి, చెమట, కళ్లు తిరుగుట దాని గుర్తులు. పాదము చల్లబడి పాలిపోయినచో ధమని పూడినదేమో యని శంకింపవలెను. ఈ రెండింట ఆలస్యము పనికిరాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట గజ్జనుండి రక్తము కారినచో రోగిని వెల్లకిల పరుండబెట్టి, సూది గుచ్చిన చోటికి కొంచెము పైగా అరచేతితో గట్టిగా అదిమిపట్టి, 108కి ఫోను చేయించవలెను. మాటిమాటికి చేయి తీసి చూడరాదు. స్టెంటు పెట్టించుకొన్నవారు ఉబ్బును చూచి బెదరి, రక్తము గడ్డకట్టకుండ వాడు మాత్రలను తమంత తాము మానరాదు. స్టెంటు పూడుకొని ప్రాణమునకే ముప్పు రావచ్చును.

మాంట్రియల్ వైద్యుడు కాంపో 1989లో మణికట్టు ధమని మార్గమును తెలిపెను. అచట ధమని చర్మమునకు చేరువగా, ఎముకపై నుండును, అదుముట సులభము. నేడు పలుచోట్ల వైద్యులు ముందుగా ఆ దారినే ఎన్నుకొనుచున్నారు. అయినను గజ్జ దారి అవసరమగు రోగులు నేటికిని కలరు. వారికి వైద్యుని నేర్పుతోపాటు ఇంటివారి కనిపెట్టు చూపును కావలెను.