ఏలూరు కాదు నాయనా... ఉలూరు!

“ఏలూరికి పోవడానికి విమానమెందుకు పాపా? ధర్మవరంలో రైలెక్కితే సరిపోదా?”

టికెట్లు బుక్ చేశానని చెప్పగానే మా నాయన అన్న మాట ఇది. ఏలూరు కాదు, ఉలూరు అని చెప్పి ఫోన్‌లో ఫొటో చూపించాను. ఎర్రటి నేల, మధ్యలో ఎర్రటి కొండ, చుట్టూ పొదలు. అమ్మ తొంగిచూసి ఒక్క మాటలో తేల్చేసింది: “మన అనంతపురంలో ఎండ తక్కువైందని అంత దూరం పోతున్నావా?”

వాళ్ల బాధ నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో ఓ ఆస్ట్రేలియా క్లయింట్‌కి కస్టమర్ సపోర్ట్ చేశాను. వేసవిలో సిడ్నీలో ఉదయం తొమ్మిదైతే మనకు తెల్లవారుజామున మూడున్నర. అప్పుడు నా షిఫ్ట్ మొదలు. ప్రాజెక్టు అయిపోయింది, ఉద్యోగమూ అయిపోయింది. బ్యాంకులో మాత్రం కొంత డబ్బుంది. దాంతో ఇంకో కోర్సు చేరమని అందరూ సలహా ఇచ్చారు. నాకేమో ఆలిస్ స్ప్రింగ్స్, వాగా వాగా అని రెండేళ్లు ఫోన్‌లో విన్న ఊళ్లు నిజంగా ఉన్నాయో లేదో చూడాలనిపించింది. పర్యాటక వీసా తీసుకుని అక్టోబరులో పన్నెండు రోజులకు బయల్దేరాను. ఒక్కదాన్నే.

ఆలిస్ స్ప్రింగ్స్ నిజంగానే ఉంది. ఊళ్లో టాడ్ అనే నది కూడా ఉంది. నీళ్లే లేవు. పెన్నను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకేమీ వింతనిపించలేదు. ఆ ఎండిన ఇసుకలోనే 1962 నుంచి పడవ పందేలు పెడుతున్నారట. పడవలకు అడుగు ఉండదు. మనుషులు లోపల నిలబడి, పడవను ఎత్తుకుని పరుగెత్తాలి. 1993లో ఆ పందెం రద్దయింది. ఎందుకంటే నదిలో నీళ్లొచ్చాయి! మన పెన్నలో ఈ ఆలోచన ఎవరికీ రాలేదేమిటో.

అక్కడి నుంచి ఉలూరు దాదాపు 450 కిలోమీటర్లు. కారు అద్దెకు తీసుకున్నాను. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. చీకటి పడ్డాక ఊరి బయట నడపకూడదని మాత్రం అద్దె ఒప్పందంలో రాసుంది. రాత్రిళ్లు కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి.

హైవే మీద గంటకు 130 కిలోమీటర్ల వరకు వెళ్లొచ్చు. వెళ్లొచ్చు కానీ ఎదురుగా ‘రోడ్ ట్రైన్’ వస్తే ప్రాణం గొంతులోకి వస్తుంది. రైలు కాదు, లారీయే. వెనక మూడు నాలుగు ట్రెయిలర్లు, మొత్తం 50 మీటర్ల పైనే పొడవు. అది దాటిపోయేసరికి నా కారు మంగళగౌరి వ్రతంలో కలశంలా కదిలింది. ఎదురొచ్చే డ్రైవర్లు స్టీరింగ్ మీంచి ఒక్క వేలెత్తి పలకరిస్తారు. మొదట బ్రేక్ లైటు పాడైందని చెబుతున్నారేమో అనుకుని రెండుసార్లు కారాపి చూసుకున్నాను.

దారిలో ఎడమవైపు పెద్ద కొండ కనిపించింది. గుండె ఆగినంత పనైంది. నలభై సెల్ఫీలు దిగాను. రోడ్‌హౌస్‌లో వైఫై దొరకగానే ‘ఉలూరు చేరాను’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఫొటో చూసి నవ్వాడు. అది మౌంట్ కానర్ అట. రోజూ ఎవరో ఒకరు పొరబడతారు కాబట్టి దానికి ‘ఫూలూరు’ అని ముద్దుపేరు. ఆ రోజు ఫూలూరు గ్రామస్థురాలిని నేనే.

ఆ కుర్రాడిది కేరళ. అతని మాటలు ఈ పేజీ చదివే మీకు పనికొస్తాయి. అతను చదువుకోవడానికో, స్థిరపడటానికో వచ్చినవాడు కాదు. ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా మీద వచ్చాడు. సబ్‌క్లాస్ 462 అంటారు. భారతీయులకు దీన్ని 2024లో తెరిచారు. ఏడాదికి వెయ్యి మందికి మాత్రమే ఇస్తారు, అదీ లాటరీ పద్ధతిలో. లాటరీలో పేరిచ్చుకోవడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు. వయసు 18 నుంచి 30 లోపు ఉండాలి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఓ మోస్తరు ఇంగ్లిష్, ఖర్చులకు డబ్బు చూపించాలి. ఏడాది పాటు తిరుగుతూ మధ్యలో పని చేసుకోవచ్చు. సాధారణంగా ఒక యజమాని దగ్గర ఆరు నెలలకు మించి చేయకూడదు. చదువు నాలుగు నెలల వరకే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏజెంట్ మాట నమ్మకుండా ఆస్ట్రేలియా హోం అఫైర్స్ వెబ్‌సైట్ మీరే చూసుకోండి. నా దగ్గరున్న పర్యాటక వీసాతో అక్కడ కప్పులు కడిగినా నేరమే.

“ఎడారిలో పెట్రోల్ బంకులో పనా అని ఇంట్లో ఏడ్చారు” అన్నాడతను. “మూడు నెలల్లో ప్లంబింగ్ నేర్చుకున్నా. ఇక్కడ ఏది పాడైనా బాగుచేసేవాడు రావడానికి రెండొందల కిలోమీటర్లు.”

అసలు ఉలూరు దగ్గర నాకు ఈగలు స్వాగతం పలికాయి. కుట్టవు. కళ్లలోకి, ముక్కులోకి, నోరు తెరిస్తే నోట్లోకి వచ్చేస్తాయి. టోపీకి తగిలించుకునే వల పన్నెండు డాలర్లు. లెక్క సులువని నేను డాలరును 60తో గుణించేదాన్ని. దోమతెర ముక్కకు 720 రూపాయలా అని వదిలేశాను. గంటలో వెనక్కి పరుగెత్తి కొనుక్కున్నాను.

కొండ ఎత్తు 348 మీటర్లు. ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి నిషేధం. అది అనంగు ప్రజల పవిత్ర స్థలం. 1985లో ఆ భూమిపై హక్కును ప్రభుత్వం వాళ్లకు తిరిగిచ్చింది. కొన్నిచోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులున్నాయి. గర్భగుడిలో మనం తీస్తామా? చుట్టూ పది కిలోమీటర్ల దారి ఉంది. వేడెక్కకముందే నడిచాను. అరుణాచలం గిరిప్రదక్షిణ చేసిన కాళ్లు కదా, మొరాయించలేదు. పొద్దు ఎక్కేకొద్దీ ఆ రాయి రంగు మారుతుంటే నేను మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాను. వల ఉన్నా సరే మాట రాలేదు. అమ్మ ఇప్పటికీ నమ్మదు.

చివరి మూడు రోజులు సిడ్నీ. బాండీ బీచ్ దక్షిణం వైపు బస్సు దిగాను. ఎదురుగా సముద్రం. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి, నా ముందు మాత్రం నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. బావిలో ఈత నేర్చుకున్నదాన్ని, నాకేం భయం? దిగాను. రెండు నిమిషాల్లో ఒడ్డు చిన్నదైపోయింది.

అలలు లేని ఆ చోటే ప్రమాదమని తర్వాత తెలిసింది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి వెళ్లే దారి అది, ‘రిప్’ అంటారు. బస్సు దిగి నేరుగా అందులోకే దిగే నాలాంటి వాళ్ల పుణ్యమా అని దానికి ‘బ్యాక్‌ప్యాకర్స్ ఎక్స్‌ప్రెస్’ అనే పేరూ వచ్చింది. నేను ఒడ్డు వైపు బలమంతా పెట్టి ఈదాను. ఎంత ఈదినా అక్కడే ఉన్నాను. నీళ్లు మింగాను. కేకేయాలంటే సిగ్గు. ఇంతమందిలో నవ్వులపాలవుతానని! రెండేళ్లు ఫోన్‌లో నేను కస్టమర్లకు చెప్పిందేమిటి? సొంతంగా కెలికి పాడుచేసుకోకముందే మాకు ఫోన్ చేయండి అని. అది గుర్తొచ్చిందో, ఓపికే అయిపోయిందో, ఈత ఆపి వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాను.

లైఫ్‌గార్డ్ బోర్డు మీద వచ్చాడు. దగ్గుతూనే సారీ అన్నాను. “నో వర్రీస్” అన్నాడు. రెండేళ్లలో ఆ మాట కొన్ని వేలసార్లు విన్నాను. ఏడుపొచ్చింది మాత్రం అప్పుడే. ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలని ఒడ్డున బోర్డు ఉంది. నేను చదవలేదు. అక్కడికి వెళ్లే మన పిల్లలు సముద్రంలో పోయారన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. నవ్వుతూ రాస్తున్నాను కానీ, ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి బీచ్ బాగుందని మాత్రమే చెప్పాను.

తిరిగొచ్చాక ఇంటర్వ్యూల్లో అందరూ అడిగింది ఒకటే: ‘ఈ మూడు నెలలు ఏం చేశారు?’ మొదటి రెండు చోట్ల కుటుంబ సమస్యలని బొంకాను. ఏ సమస్య అని అడిగేసరికి తడబడ్డాను. రెండూ పోయాయి. మూడోచోట సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఫూలూరు నుంచి బాండీ దాకా ఉన్నదున్నట్టు చెప్పాను.

“బోర్డు ఎందుకు చదవలేదు?” అన్నారు ప్యానెల్‌లో పెద్దాయన.

“నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి కదా అని, సర్.”

“మా డాక్యుమెంట్లైనా చదువుతారా?”

“ఇప్పుడు అగ్గిపెట్టె మీద రాసింది కూడా చదువుతున్నాను, సర్.”

రెండు వారాలకు ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో బాండీ వాటా ఎంతో, ఎస్‌క్యూఎల్ జవాబుల వాటా ఎంతో నాకు తెలీదు. ఖాళీ చేసిన బ్యాంకు ఖాతా నిండటానికి మాత్రం ఏడాదిన్నర పడుతుంది, లెక్కేశాను.

ఈగల వల అమ్మ తీసేసుకుంది. మా వంటింట్లో బెల్లం గిన్నె మీద కప్పింది. వచ్చినవాళ్లందరికీ నాయన చూపిస్తున్నాడు: “ఏడొందల ఇరవై రూపాయలు. మా పాప ఏలూరి నుంచి తెచ్చింది.”