స్వగృహ నిర్మాణమున పొయ్యియు, మురుగు వాటమును

రైతు తన యింటిని తానే కట్టుకొనునపుడు గోడలను గూర్చియు, వాకిండ్లను గూర్చియు, పైకప్పును గూర్చియు దినములకొలది యోచన చేయును. వాస్తు చూపించును, కలపను ఏరి తెచ్చును. కాని పొయ్యి పొగ యే దారిని వెలికి పోవలెను, స్నానపు నీరు ఎటు పారవలెను అను రెండు ప్రశ్నలు గృహప్రవేశమైన పిదపగాని స్ఫురింపవు. అప్పటికి గోడలు లేచియుండును, నేల గట్టిపడియుండును, చేతిలోని సొమ్ము వ్యయమై యుండును. గోడ పగులగొట్టి తూము పెట్టుటయు, కప్పునకు రంధ్రము చేసి పొగగొట్టము నిలుపుటయు అప్పుడు రెండింతల ఖర్చు.

ఈ లోపములవలన కలుగు నష్టము వెంటనే కంటికి కానరాదు. గోడమూల నిలిచిన నీరు పునాదిని మెత్తపరచి, ఒకనాటి ముసురులో గోడను కూల్చును. పెరటిలో నింకిన మురుగు బావిలో చేరును. వంటింటి పొగ ఇల్లాలి కన్నులను, ఊపిరితిత్తులను ఏండ్ల తరబడి క్షీణింపజేయును. కావున క్రొత్తగా ఇల్లు తలపెట్టిన సభ్యులకు ఉపయోగపడునట్లు ఈ విషయములను క్రమముగా వివరించుచున్నాము.

ఇంటి మట్టము

అన్నిటికంటె ముందు చూడవలసినది నేల వాటము. పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి, లోపల గాలిబుడగ లేకుండ చూచి, రెండు కొనలను రెండు తావుల నిలిపినచో నీటి మట్టమే యెత్తుపల్లములను చెప్పును. మేస్త్రి కంటిచూపునకంటె ఈ గొట్టము నమ్మదగినది. స్థలము నాలుగు మూలలను, వీధి నడుమను, పొరుగువారి వాకిలిని ఇట్లు కొలిచి, ఒక కాగితముమీద వ్రాసికొనవలెను.

ఇంటి లోపలి నేల వెలుపలి నేలకంటె కనీసము ఒకటిన్నర అడుగు ఎత్తుండవలెను. ఊరి పెద్దలు ఎరిగిన వరదమట్టము అంతకంటె ఎక్కువయైనచో దానికి పైగా నుండవలెను. మరియొక సంగతి: ఇప్పుడు గ్రామములలో సిమెంటు బాటలు పడుచున్నవి. పాతబాటపై క్రొత్తబాట వేసినప్పుడెల్ల వీధి పైకి లేచును, ఇల్లు గుంటలో పడును. అందుచే వీధి మట్టమునకు మరియొక అడుగు కలిపి లెక్క చూచుకొనుట మేలు.

చూరు గోడనుండి రెండడుగులైనను ముందుకు రావలెను. చూరునీరు పడుచోట గోడ చుట్టును రెండు మూడడుగుల వెడల్పున రాతిపరుపుగాని, ఇటికపరుపుగాని వేసి, రెండడుగులకు అంగుళమున్నర చొప్పున బయటికి వాటమీయవలెను. మట్టిగోడలు గల యింటికి ఇంతకు మించిన రక్షణ లేదు. స్నానపుగది నేలకు 5 అడుగులకు 1 అంగుళము, పెరటి కాలువకు 100 అడుగులకు 1 అడుగు వాటము చాలును. వాటము తక్కువైన కాలువలో మడ్డి నిలుచును.

వాడుకనీటి లెక్క

పూర్వము బావినుండి చేది తెచ్చుకొను దినములలో నీటి వాడకము స్వల్పము, మురుగును స్వల్పమే. 2019లో ఆరంభమైన జల జీవన మిషను మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని లక్ష్యముగా నుంచినది. ఐదుగురు గల కుటుంబమునకు ఇది 275 లీటర్లగును. త్రాగుటకును, వంటకును, మరుగుదొడ్డికిని పోయినది తీసివేసినను స్నానము, బట్టలు, అంట్లు వీనివలన సుమారు 200 లీటర్ల వాడుకనీరు ప్రతిదినము బయలుదేరును. కుళాయి వచ్చుటకు సంతోషించుచు, వచ్చిన నీరు పోవు దారిని మరచుట మన గ్రామములలో సాధారణమైనది.

ఈ నీరు వారము పది దినములు ఒకచోట నిలిచినచో చాలును, దోమ గ్రుడ్డు పెరిగి రెక్కలదోమగా మారును. మలేరియాను దోమలు వ్యాపింపజేయునను సత్యమునకు ఆధారము మన సికింద్రాబాదులోనే లభించినది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అక్కడనే దోమ కడుపులో ఆ జ్వరక్రిమిని కనుగొనెను. బోదకాలును వ్యాపింపజేయు దోమకు మురికినీరే పుట్టినిల్లు. కావున పెరటి మురుగుగుంటను ఎండగట్టుట వైద్యఖర్చును తగ్గించుకొనుట యని గ్రహింపవలెను.

ఇంకుడు గుంట

అందరును చెప్పు ఉపాయము ఇంకుడు గుంట. పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరుగా త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, వానిపై నడితరపు రాళ్లు, పైన కంకర నింపి, గోనెపట్టాగాని తాటియాకుగాని పరచి మట్టి కప్పుదురు. ఇది మంచిదే. కాని అన్ని నేలలును ఒకే తీరున నీరు త్రాగవు. ఏండ్ల తరబడి వాడుకలో ఇసుకనేల చదరపు మీటరునకు దినమునకు సుమారు 50 లీటర్లు, గరపనేల 30 లీటర్లు, బంకమన్ను 10 లీటర్లు మాత్రమే పీల్చును. మీటరు గుంటకు నాలుగు ప్రక్కలు కలిపి 4 చదరపు మీటర్లు. కావున ఇసుకనేలలో అది 200 లీటర్లను ఇముడ్చుకొనును, గరపనేలలో 120, బంకనేలలో 40 మాత్రమే. మొదటి చోట ఒక గుంట చాలును. రెండవ చోట రెండు కావలెను. మూడవ చోట గుంట నిండి పొర్లుట తప్పదు. గుంట పనిచేయలేదని చెప్పువారిలో పలువురు నేలను చూడక త్రవ్వినవారే.

గుంటకు ముందు ఒకటిన్నర అడుగుల చిన్నతొట్టి కట్టవలెను. నీరు అందులో కొంతతడవు నిలిచి, మడ్డి అడుగునకు చేరి, జిడ్డు పైకి తేలును; నడుమనున్న తేటనీరు గొట్టము ద్వారా గుంటకు పోవును. పదునైదు దినములకొకసారి ఈ తొట్టిని శుభ్రము చేయనియెడల, వంటింటి జిడ్డు గుంట ప్రక్కలను పూసివేసి నీరింకనీయదు. వాననీటిని ఈ గుంటలోనికి విడువరాదు. ఒక్క వానకే అది నిండిపోవును. గుంట పునాదికి 10 అడుగులైనను, బావికిగాని బోరుకుగాని 50 అడుగులైనను దూరముండవలెను.

రేగడియు, డెల్టాయు

నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. అట్టి నేలలో ఇంటి దాపున నీరింకించుట గోడలకు బీటలు తెచ్చుకొనుటయే. కృష్ణా, గోదావరి డెల్టాలలో వర్షకాలమున భూగర్భజలము పైకి వచ్చుటచే, త్రవ్విన గుంటలో నీరు తానే ఊరును. ఈ రెండు చోట్లను నీటిని పెరటి మొక్కలకు మరలించుట ఉత్తమము. ఎనిమిది పది అరటిచెట్లు, ఒక చేమమడి ఉన్నచో ఒక కుటుంబపు వాడుకనీరు వేసవిలో చెల్లిపోవును. రెండు బోదెలు తీసి దినము విడచి దినము మార్చవలెను. ఏలయన సబ్బునీటిలోని సోడా నిత్యము ఒకేచోట చేరినచో రేగడి గట్టిపడి చవుడగును. పచ్చిగా తిను కూరలకు ఈ నీరు పోయరాదు. వానలలో మిగులునీటిని పంచాయతి కాలువకు కలుపుటకు ముందే దారి ఉంచుకొనవలెను.

మరుగుదొడ్డి

మరుగుదొడ్డి నీటిని వాడుకనీటితో ఎన్నడును కలుపరాదు. దానికి రెండు గుంటల పద్ధతి రైతునకు తగినది. ఒక గుంట నిండినపుడు దానిని మూసి రెండవదానిలోనికి మరలింపవలెను. మూసిన గుంటను రెండేండ్లు కదపకున్నచో లోనిది వాసనలేని పొడిమట్టివలె నగును. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతమునందలి గంగదేవిపల్లిలో కేంద్రప్రభుత్వ పారిశుద్ధ్య శాఖా కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యరును, ఇతర అధికారులును స్వయముగా గుంటలో దిగి ఆ యెరువును తీసి చూపిరి. దీనిని చూచి రోయనక్కరలేదు, పొలమున వేసికొనవచ్చును. గుంటల గోడలను ఇటికల నడుమ సందులు విడిచి కట్టవలెను. గుంట అడుగునకును, వానకాలపు భూగర్భజలమునకును నడుమ రెండు మీటర్ల పొడినేల యుండవలెను. అట్లు లేని పల్లపు తావులలో గుంటను నేలపై ఎత్తుగా కట్టి చుట్టును మట్టిగట్టు వేయుదురు.

పొగలేని పొయ్యి

పొగ సమస్య మన దేశమునకు క్రొత్త గాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు మట్టితోనే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. అందలి సూత్రము నేటికిని చెల్లును. ఒక్క నిప్పుపై మొదటి పాత్ర ఉడుకును. ఆ వేడిగాలి సొరంగమువంటి దారిన పోవుచు రెండవ పాత్రను కాచును. చివరకు గొట్టము ద్వారా పైకి పోవును. వృథాగా పోవు వేడితో వేడినీరు సిద్ధమగును.

కట్టునపుడు ఈ జాగ్రత్తలు వలయును. పొయ్యి నోరును ఇంటిలో వాడు పాత్రనే పెట్టి తీర్చవలెను. సందు మిగిలినచో పొగ అందుండియే వచ్చును. సొరంగము గొట్టమువైపు పైకి వాటమై యుండవలెను. గొట్టము నాలుగంగుళాల వ్యాసము గలదై, కప్పుపైకి రెండు మూడడుగులు లేచి యుండవలెను. కప్పునకు క్రిందైనచో గాలి పొగను మరల లోనికి నెట్టును. తాటాకు, గడ్డి కప్పులున్నచోట గొట్టమును కప్పుగుండా తీయక గోడనుండి బయటికి తీసి, చూరునకు దూరముగా పైకి నిలుపవలెను. గొట్టము అడుగున మసి తీయుటకు చిన్నద్వారముంచి, నెలకొకసారి శుభ్రపరుపవలెను. మసి పట్టిన గొట్టము పొగను లాగదు, నిప్పంటుకొనుటయు కలదు.

గ్యాసు పొయ్యి యున్నవారును గాలిదారి మరువరాదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలపై పరచుకొనును. కావున వంటింటి గోడకు పైకిటికీతో పాటు నేలకు దగ్గరగా ఒక జాలీరంధ్రము ఉండవలెను. సిలిండరును నిలువుగా, పొయ్యికంటె క్రింది మట్టమున, సమనేలపై నుంచవలెను, గుంటలో ఉంచరాదు.

స్నానపు నీళ్లు

గ్యాసు వచ్చినను నీళ్లకాగునకు కట్టెలే వాడు ఇండ్లు పెక్కు. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు కాచుటకు అరయూనిటు విద్యుత్తునకు కొంచెము తక్కువ వేడి చాలును. కిలో ఎండుకట్టెలో సుమారు నాలుగు యూనిట్ల వేడి కలదు. కాని మూడురాళ్ల పొయ్యి అందులో పదియవవంతు మాత్రమే నీటికందించును. అందుచే బకెట్టుకు కిలోకు పైగా కట్టె పోవును. ఐదుగురికి దినమునకు ఐదున్నర కిలోల చొప్పున, 90 దినముల చలికాలమునకు సుమారు 500 కిలోలు. కాగును మట్టిగోడలో అమర్చి, మూతపెట్టి, పొగగొట్టము నిలిపినచో ఈ ఖర్చు సగమగును. ఎండ చక్కగా పడు కప్పు గలవారు నల్లరంగు పూసిన పీపాను ఉదయము నింపి యుంచినచో, సాయంకాల స్నానమునకు నిప్పు అక్కరలేదు.

చలిప్రాంతముల వారికి

పాడేరు, అరకు, ఆదిలాబాదు ప్రాంతములలో చలిరాత్రులు గడ్డువి. అట్టిచోట తలుపులు బిగించి, గదిలో కుంపటి నుంచుకొని నిద్రించుట ప్రాణాపాయకరము. నిప్పులనుండి వచ్చు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. పొగ లేనంతమాత్రమున భయము లేదనుకొనరాదు. నిదురించువానికి మేలుకొను శక్తియే యుండదు. బయట కాచిన వేడినీటిని గట్టిమూత గల పాత్రలో పోసి, గోనె చుట్టి మంచము దాపున నుంచుకొనుట క్షేమము.

ఇంటిని వెచ్చగా నుంచుటకు దక్షిణపు కిటికీ మిక్కిలి ఉపకారి. మన ప్రాంతములలో డిసెంబరు మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణమున సగమెత్తున నుండును గాన ఎండ గదిలోనికి వచ్చును. మే నెలలో నడినెత్తిన నుండును గాన చూరే దానిని ఆపును. మందపు మట్టిగోడ పగటి వేడిని దాచి రాత్రి విడుచును. గోడకును కప్పునకును నడుమ సందులను పడకగదిలో మూయవచ్చును, వంటింట మూయరాదు.

సంఘము చేయదగినది

ఒకని పెరటినీరు మరియొకని గోడక్రిందికి పోవుటచేతనే వీధి తగవులు పుట్టుచున్నవి. కావున ఈ పనిని ఒక్కొక్కరుగా గాక వీధివారందరు కలిసి చేయుట లాభము. ఒకనాడు కూడి వీధి మట్టములు కొలిచి, ఆ పటమును సంఘ కార్యాలయమున ఉంచవలెను. పొగగొట్టములను, గుంటల వరలను, మూతలను సంఘము ఒక్కసారి కొనినచో ధరయు, బండికూలియు తగ్గును. పొయ్యి వేయుటలో నేర్పు గల స్త్రీలు ప్రతి గ్రామమున ఉందురు. వారికి తగిన కూలియిచ్చి ఆ పని యొప్పగింపవలెను. పొయ్యి యెక్కడ నుండవలెనను విషయమున తుదిమాట ఇల్లాలిదే కావలెను; ఆ పొగను పీల్చునది ఆమెయే గదా.

ఇల్లు కట్టదలచిన ప్రతి సభ్యుడును పునాదికి ముగ్గు పోయుటకు ముందే ఐదు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనవలెను. వీధికంటె నా నేల యెంత యెత్తు? నా నేల యెట్టిది, దినమునకు ఎంత నీరు త్రాగును? బావికిని గుంటలకును దూరమెంత? పొగగొట్టము ఏ గోడనుండి లేచును? మిగులునీరు పొరుగువానికి బాధ లేకుండ ఎటు పోవును? ఈ ఐదింటికిని జవాబు దొరకువరకు గడ్డపార నేల తాకకుండుటయే మంచిది.